రెండొందల దగ్గర

పెరియమేట్‌లో మూడింటికి వాన వెలిసింది.
నాలుగున్నరకి ట్రాక్ మీంచి ఆవిరి,
ఇడ్లీపాత్ర మూత తీసినట్టు.
రెండొందల మీటర్ల గీత పక్కన, కంచె ఇవతల,
బొటనవేలి కింద వాచీతో నేను.

నాలుగు ఇంటూ నాలుగొందలు. ఆఖరి చుట్టు చెంచులక్ష్మిది.
సూళ్ళూరుపేట పిల్ల. చీకట్నే లోకల్ ఎక్కి వస్తుంది.
మూడేళ్ళలో నేను కనిపెట్టింది ఒకటే:
ఎప్పుడూ కాస్త దాచుకుంటుంది.
గీత దాటాక నడుం వంచదు,
మోకాళ్ళ మీద చేతులు పెట్టదు,
నీళ్ళ సీసా మూత తనే తిప్పుకుంటుంది.
బియ్యం డబ్బాలో అడుగు సోలెడూ
ఏం జరిగినా ముట్టుకోని వాళ్ళుంటారే,
అట్లా.

బేటన్ అందేసరికి మూడో స్థానం.
ఎదుటి దారిలోనే ఒకమ్మాయిని దాటేసింది.
నా ముందు నుంచి వెళ్ళినప్పుడు వాచీలో
ఇరవై అయిదు పాయింట్ రెండు.
తన కాళ్ళకి అలవాటు లేని అంకె.

"ఇరవై ఏడూ!" అని అరిచాను.

పొరపాటున కాదు.
ఆ సోలెడు కూడా తియ్యనీ అని.

వంపులో బయటి నుంచి దాటొద్దని
నూరుసార్లు చెప్పుంటాను.
బయటి నుంచే దాటింది.
ముందు ఇంకెవరూ లేరు.
డప్పులు, ఈలలు, పక్కన ఎవరో నా చొక్కా పట్టుకుని ఊపుతున్నారు.
నేను మాత్రం భుజాలు చూస్తున్నాను.
ఇంకా యాభై ఉందనగా
అవి చెవుల దాకా లేచాయి.
గడ్డం పైకెళ్ళింది. చేతులు
మోకాటి లోతు నీళ్ళలో నడిచేవాళ్ళ చేతుల్లా
పక్కలకి తిరిగాయి.
ఒకరు దాటారు.
గీత మీద ఇంకొకరు.

"విట్టుట్టా సార్, వదిలేసింది" అన్నాడు జావెలిన్ ఇళంగో
వేరుశనక్కాయ పొట్టు ఊదుతూ.

వదిలెయ్యడం వేరు, అయిపోవడం వేరు.
గ్యాలరీ నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.
వదిలేసినవాళ్ళ భుజాలు జారతాయి, ఇళంగో.
ఇలా లేవవు.
ఇదంతా అతనికి చెప్పలేదు.
చెబితే ఇరవై ఏడు సంగతీ చెప్పాలి.

మెట్ల కింద సిమెంటు నేల మీద వెల్లకిలా ఉంది.
ఒక కాలి బూటు ఊడదీసి, రెండోది తియ్యలేక.
ఇవాళ సీసా మూత నేను తిప్పాను.

"చెంచూ, నేను చెప్పిన అంకె తప్పు.
కావాలనే తప్పు చెప్పా."

"ఏ అంకె సార్?"

"రెండొందల దగ్గర."

"మీ నోరు తెరుచుకుండేది చూశా.
డప్పుల్లో ఏం వినపళ్ళా."

"మరి అంత తొందరగా ఎందుకు..."

నీళ్ళు తాగింది. సగం మెడ మీదుగా పోయాయి.
"ముందు పోయే పాప జడకి పచ్చ రిబ్బను సార్.
ముడి ఊడిపోయి ఎగరతా ఉండింది.
దాన్ని పట్టుకోవాలని పోయినా.
దాటినాక..."
కాసేపు పైకప్పు చూసింది.
"దాటినాక చూసేదానికి ఏం లేదు. వట్టి గీతలు.
ఎంత దూరం ఉందో, నేను ఎంత ఉండానో
తెలీలా."

మూడేళ్ళు నేను వాచీ చూశాను.
ఈ పిల్లకి కళ్ళెదుట ఏముండాలో ఒక్కరోజూ అడగలేదు.
పైగా, నా అబద్ధమే ముంచిందని
గంటసేపు ఎంత గొప్పగా బాధపడ్డాను!

ఏడింటి లోపు ఫారం ఇవ్వాలి.
పేరు, స్థానం, సమయం: యాభై అయిదు పాయింట్ ఒకటి.
ఆ కింద గడి: శ్రమ, పదికి ఎంత?
ఖాళీగా ఇస్తే గుమస్తా పళని తిప్పిచ్చాడు,
కంప్యూటర్ తీసుకోదంట.

అవతల సెంట్రల్‌లో ఏదో రైలు కూసింది.
సూళ్ళూరుపేట లోకల్ అయ్యుండాలి.
ఒక చేత్తో బూట్లు పట్టుకుని, ఎక్కే ఉంటుంది.

తొమ్మిది వేశాను.
పది వెయ్యబోతే చెయ్యి ఆగింది.
ఆ ఒక్కటీ తను పరిగెత్తకపోవడం వల్ల కాదు.
నా డబ్బాలోనూ
అడుగున ఉంది, ఒక సోలెడు.